వీపు కనబడే సినిమాలు

ఖిదిర్‌పూర్, కలకత్తా
12 జూన్ 2024

లక్ష్మికి,

పోలిరాజు రాస్తున్నాను. ఇక్కడ నేను వేళకు తింటున్నాను, గోడౌన్ కాపలాకు వెళ్లి వస్తున్నాను. అక్కడ మీ అన్న నరసయ్య బావ, మీ వదిన కృష్ణకుమారమ్మ బాగుంటారని అనుకుంటున్నాను.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుకోకు. మన బిడ్డ ఢిల్లీ చనిపోయాక, నువ్వు సోంపేట వెళ్లిపోయాక, ఫోనులో మనం మాట్లాడుకున్నది ఏముంది? నువ్వు ఊఁ అంటావు. నేను ఊఁ అంటాను. తర్వాత ఇద్దరం చెరో గోడ చూస్తూ కూర్చుంటాం. కాగితం మీదైతే నేను చెప్పేది చివరిదాకా వింటావని రాస్తున్నాను.

నీకు ఒక సినిమా చెప్పాలి. సినిమా అనే మాట వింటే నువ్వు లేచి వెళ్లిపోతావని తెలుసు. అయినా చదువు. ఇది బెంగాలీ సినిమా, ఒక ట్రాం కండక్టరు కథ. అతని లైను ఎత్తేస్తారు. ఇంట్లో చెప్పడు. రోజూ ఖాకీ బట్టలు వేసుకుని, తోలు సంచి భుజాన తగిలించుకుని పట్టాల వెంబడి డిపో దాకా నడిచి వస్తాడు. ఒకరోజు భార్య ఆ సంచి ఎత్తి చూస్తుంది. తేలిగ్గా ఉంటుంది. అన్నం డబ్బాలో ఇంకో చేప ముక్క వేసి మూత పెడుతుంది. ఈ సినిమా హాల్లో వారం కూడా ఆడలేదట. మా గోడౌన్ ఎదురుగా టీ కొట్టతను పుట్టినప్పటి నుంచి సినిమాలు తీసే టాలీగంజ్‌లో ఉన్నవాడు, అతనికీ తెలియదు. కాని బాగుంది.

మనవాడు అందులో ఉన్నాడు. షూటింగులకు వెళ్లి గుంపులో నడిచి వచ్చేవాడు కదా, ఏ సినిమాలకు వెళ్లాడో వాడితో వెళ్లిన కుర్రాళ్లను అడిగి ఒక్కొక్కటీ వెతుకుతున్నాను. ఇందులో వాన వెలిశాక కండక్టరు వీధిలో నిలబడి ఉంటే, చేపల సంచితో అతన్ని దాటి వెళ్లేవాడు ఢిల్లీ. ముఖం కనబడదు, వీపే. నువ్వు కుట్టిన గోధుమరంగు గళ్ల చొక్కా వేసుకున్నాడు. గుడ్డ చాలక వీపు పైన పట్టీకి గళ్లు ఏటవాలుగా వేశావు, అది తెలుస్తుంది. మలుపు దాకా నడిచి వెళ్లిపోతాడు.

కృష్ణకుమారమ్మ ఫోనుకు సినిమా పంపించాను. వాళ్ల టీవీలో పెట్టుకోవచ్చట.

ఇంకో మాట. ఆ చొక్కా నువ్వు పట్టుకెళ్లావని తెలుసు. తప్పు అనుకోవడం లేదు. వచ్చేటప్పుడు తీసుకురా. ఎప్పుడు వస్తావు? నీ కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచాను. నీకు కుట్టు పని ఇచ్చే మెటియాబ్రుజ్ ఓస్తాగర్ మళ్లీ మనిషిని పంపాడు.

పోలిరాజు


సోంపేట
30 జూన్ 2024

మావా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరూ బాగున్నారు. జీడిపిక్కల పని అయిపోయింది. వాన ఇంకా పడలేదు.

నాకు సినిమాలు చెప్పకు. వాణ్ణి తిన్నది సినిమాయే. జ్వరం ఒంటితో, ఆ షూటింగులో పైపులతో కొట్టే దొంగ వానలో నిలబడటానికి బయల్దేరాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. నువ్వేమన్నావో నాకు గుర్తుంది. "ఎల్లనీయే, మాటిచ్చీసినాడు కదా" అన్నావు. సాయంత్రం వాడు ఎవరిదో బనీను వేసుకుని వణుకుతూ ఇంటికి వచ్చాడు. ఆసుపత్రివాళ్లు డెంగ్యూ అని చెప్పేసరికి చెప్పి ఏం లాభం లేకపోయింది. ఇప్పుడు ఆ సినిమా బాగుందని, చూడమని రాస్తావా?

చొక్కా నా దగ్గర లేదు. వాణ్ణి సాగనంపే రోజు పెట్టెలన్నీ బోర్లించి వెతికింది నేను. నువ్వు బయట జనం మధ్య కూర్చున్నావు, నీకు తెలియదు. ఆ చొక్కా తొడిగి పంపాలనుకున్నాను. దొరకలేదు. ఎవరో బజారు నుంచి తెల్ల చొక్కా తెచ్చి వేశారు. ఎడమ భుజం దగ్గర ఉబ్బి నిలబడింది. వాడికి బజారు చొక్కా ఏదీ కుదరదని నీకు తెలుసు. చిన్నప్పుడు పోర్టు క్వార్టర్స్ మెట్ల మీంచి పడితే ఎముక వంకరగా అతుక్కుని ఆ భుజం వేలి మందం కిందికి జారింది. అప్పటి నుంచి వాడి చొక్కాలన్నీ ఎడమ భుజం దించి కత్తిరించింది నేనే. అలాంటివాడు చివరి రోజున కుదరని చొక్కాతో వెళ్లాడు.

చొక్కా నువ్వే ఎవరికో ఇచ్చి ఉంటావు. అడిగినవాళ్లకు కాదనలేవు. ఎవరికిచ్చావో గుర్తు తెచ్చుకుని రాయి. నేను ఎప్పుడు వస్తానని మాత్రం అడగకు. ఓస్తాగర్‌ను పని ఇంకెవరికైనా ఇచ్చుకోమను.

అప్పలలక్ష్మి


ఖిదిర్‌పూర్
4 ఆగస్టు 2024

లక్ష్మికి,

ఇక్కడ ఒకటే వాన. మన వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నేను గోడౌన్‌లోనే వండుకుంటున్నాను.

జ్వరం సంగతి రాశావు. ఆ మాట నేనే అన్నాను.

చొక్కా నేను ఎవరికీ ఇవ్వలేదు. నీ దగ్గర లేదంటున్నావు, నేను కాదనను. దాచుకోవాలనిపిస్తే దాచుకో. నేను ఇక అడగను.

ట్రాం సినిమా చూడకపోతే మానెయ్యి. ఇంకొకటి చెబుతాను, ఇందులో వాన లేదు. పెళ్లిళ్లకు పళ్లేలు, గిన్నెలు అద్దెకిచ్చే ముసలి మొగుడూ పెళ్లాల కథ. ఇప్పుడు ఎవరూ అద్దెకు తీసుకోరు, అంతా కాగితం పళ్లేలే. అయినా ముసలాయన అన్నీ తోమి, మేడ మీద ఎండబెట్టి, కట్టలు కట్టి పెడుతుంటాడు. ముసలిది పొద్దస్తమానం తిడుతుంది. ఒకనాడు ఆయనకు ఒంట్లో బాగుండదు. ఆమె మేడ ఎక్కి, ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసి, పళ్లేలు తోమడం మొదలుపెడుతుంది. ఆ ఒక్క చోటు కోసమైనా చూడొచ్చు.

మొదట్లో మనవాడు కనబడగానే ఆపేసేవాణ్ణి. ఇప్పుడు చివరిదాకా చూస్తున్నాను. ఇన్ని మంచి సినిమాలు తీసి జనం చూడకుండానే మూలన పడేస్తారని నాకు తెలియదు. తీసినవాళ్ల ఇళ్లలో కూడా ఎవరైనా చూశారో లేదో.

ఇందులో ఢిల్లీ ముఖం కనబడుతుంది. పెళ్లి పందిట్లో నీళ్లు పోస్తాడు. ముసలాయన వేషం వేసినతను ఏదో అంటాడు, వీడు నవ్వుతాడు. అది సినిమా నవ్వు కాదు. వాడు ఇంటికొచ్చి చెప్పాడు, నీకు గుర్తుందా? పేరు అడిగి, "ఢిల్లీయే నడిచొచ్చి నీళ్లు పోస్తంటే కలకత్తావోళ్లకి ఇంకేటి కావాలి" అని ఆయన ఏడిపించాడట. ఆ నవ్వు అలాగే ఉంచేశారు.

పోలిరాజు


సోంపేట
22 సెప్టెంబరు 2024

మావా,

మొన్నటికి వాడు పోయి ఏడాది. నువ్వు అక్కడ గంగ ఒడ్డున సంవత్సరీకం చేయించావని అన్న చెప్పాడు. నేను ఇక్కడ ఉపవాసం ఉన్నాను.

పళ్లేల సినిమా వదిన పెట్టింది, నేను పెట్టమనలేదు. పాట లేదు, ఫైటు లేదు అని సణుగుతూనే కూర్చుంది. "ఇదేటొదినా, పట్నంలో ఉన్న మీకు చూడ్డానికి ఇంకేటీ దొరకదా? ముసిలోలిద్దరు గిన్నెలు తోముకుంటంటే మనం చూడాలా? ఆ గిన్నెలేవో మనింట్లోనూ ఉన్నాయి" అంది. అన్న నవ్వాడు. తీరా చూస్తే అన్నం మాడినా లేవలేదు. అయిపోయాక, "ఆ పల్లేలన్నీ ఇప్పుడేటి సేత్తాదే ఆ ముసిల్ది" అని నన్నడిగింది.

నేను వంటింటి గడప దగ్గర నిలబడి చూశాను. వాడు నీళ్లు పోస్తూ వంగినప్పుడు, చెయ్యి అడ్డం పెట్టి చొక్కా జేబు పట్టుకున్నాడు. జేబులోవి పడిపోకుండా చిన్నప్పటి నుంచీ అలాగే పట్టుకుంటాడు. వదిన టీవీ ఆపి మళ్లీ వెనక్కి తిప్పబోయింది. వద్దన్నాను.

వాడు చిక్కిపోయి ఉన్నాడు. అప్పుడు మనం చూసుకోలేదు.

ముఖం కనబడేవి ఇంకా ఉంటే రాయి. వాన సినిమా మాత్రం పెట్టనివ్వను. చొక్కా నేను దాచుకున్నానని నువ్వు అనుకుంటున్నావు. అనుకో. మనసులో పెట్టుకుని పైకి కాదనను అని రాయకు.

అప్పలలక్ష్మి


ఖిదిర్‌పూర్
20 నవంబరు 2024

లక్ష్మికి,

ఈ ఉత్తరం అందగానే మీ వదినను టీవీ పెట్టమను. మనవాడు ఇంకొక సినిమాలో దొరికాడు. పాతది కాదు, మొన్న దీపావళి అయ్యాక వచ్చింది. వాడితో వెళ్లిన కుర్రాళ్లకు కూడా తెలియదు. ఊరికే కొత్తది చూద్దామని పెట్టుకుంటే కనబడ్డాడు.

చిలక సినిమా. తండ్రి పోతాడు. ఆయన పెంచిన చిలక అచ్చం ఆయన గొంతుతోనే పెద్ద కొడుకును కసురుతుంది, చిన్న కొడుకును ముద్దుగా పిలుస్తుంది. చిలక నాదంటే నాదని అన్నదమ్ములు కొట్టుకుంటారు. నవ్వొచ్చే సినిమా. కసిరించుకునే పెద్దవాడే చిలకను వదలడు. చిన్నవాడు దొంగతనంగా పంజరం తీసుకుని పడవ ఎక్కేస్తాడు. ఇదీ ఎవరూ చూడలేదట. బెంగాలీ వాళ్లకే నేను చెప్పి చూపిస్తున్నాను.

ఆ పడవ రేవులో, పడవ దిగి మెట్లెక్కి వెళ్లే జనంలో ఢిల్లీ ఉన్నాడు. వీపే. గళ్ల చొక్కా, ఏటవాలు పట్టీ. పై మెట్టు దాకా వెళ్లి గుంపులో కలిసిపోతాడు. జ్వరం లేనప్పటి నడక.

నేను క్వార్టర్స్‌లో అందరినీ పిలిచాను. పకోడీలు తెప్పించి, గోడకు దుప్పటి కట్టి వేయించాను. వాడు మెట్లెక్కుతుంటే ఆడవాళ్లు ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. సంతోషంగా ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి? తీసి ఉంచి ఇంకా బయటికి రాని సినిమాలు ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు? అప్పుడప్పుడూ ఒకటి వస్తుంది. వాడు వస్తాడు.

నువ్వు వచ్చెయ్యి. ఇక్కడ కూర్చుని ఇద్దరం చూద్దాం. చొక్కా గురించి అన్నవి మరిచిపో, నేనూ మరిచిపోయాను.

పోలిరాజు


సోంపేట
15 డిసెంబరు 2024

మావా,

చిలక సినిమా చూశాను. రాయాలా మానాలా అని చాలా రోజులు ఊరుకున్నాను. వదిన మానెయ్యమంది. "ఆ బావుని అలాగ్గా ఉండనీయే. ఓ సొక్కాని సూసి సంతోషపడితే నీదేటి పోనాది?" అంది. నేను ఊరుకుంటే నువ్వు ఇంకో సినిమా కోసం చూస్తావు, తర్వాత ఇంకొకటి. వాడు ఎక్కడో నడుస్తూ ఉన్నట్టూ, ఎప్పుడో తిరిగి చూస్తాడన్నట్టూ. అందుకని రాస్తున్నాను.

చొక్కా మనదే. మనిషి మనవాడు కాదు.

నేను వదినను ఆపమని, వెనక్కి తిప్పమని, టీవీకి దగ్గరగా వెళ్లి చూశాను. ఆ మనిషి భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. ఎడమ భుజం దించి కత్తిరించిన చొక్కా అలాంటివాడు వేసుకుంటే ఆ పక్క బిగుస్తుంది, మెడపట్టీ ఎడమకు లాగుతుంది. మెట్లెక్కుతున్నంతసేపూ అతను ఆ మెడపట్టీ సర్దుకుంటూనే ఉన్నాడు. చూడు, చెయ్యి వెనక్కి వెళుతుంది. వాడికి నేను కుట్టిన చొక్కా వాడు ఒక్కసారి కూడా సర్దుకోలేదు.

ఇప్పుడైనా ఒప్పుకో. షూటింగు కుర్రాళ్లలో ఎవరికో ఇచ్చేశావు. అతను అది వేసుకుని వెళ్లాడు. నేను పెట్టెలు బోర్లించి వెతుకుతున్నప్పుడు నోరు తెరిచి చెప్పాల్సింది.

సినిమా బాగుంది. చిలక బాగా మాట్లాడింది. వదిన నవ్వింది.

అప్పలలక్ష్మి


ఖిదిర్‌పూర్
26 జనవరి 2025

లక్ష్మికి,

నీ ఉత్తరం చదివి నీ మీద కోపం వచ్చింది. నాకు మిగిలినదాన్ని చూసి ఓర్వలేకపోయావనుకున్నాను. జవాబు రాయకూడదనుకున్నాను. తర్వాత సినిమా మళ్లీ పెట్టి చూశాను. అతని చెయ్యి వెనక్కి వెళుతోంది. నువ్వు రాసేదాకా ఆ చెయ్యి నాకు కనబడలేదు.

క్వార్టర్స్‌లో ఎవరికీ చెప్పలేదు. వాళ్లు ఇప్పటికీ, "దాదా, మళ్లీ ఎప్పుడు వేస్తావు" అంటున్నారు.

చొక్కా నేను ఎవరికీ ఇవ్వలేదని నువ్వు నమ్మాలి కదా. అందుకని టాలీగంజ్ వెళ్లాను. వాళ్లనూ వీళ్లనూ అడిగితే, ట్రాం సినిమాకు బట్టలు చూసిన మనిషి దొరికాడు. జయంత్ దా అంటారు. రేకుల షెడ్డు నిండా ఇనప్పెట్టెలు, దండేల మీద బట్టలు. ఢిల్లీ తండ్రినని చెప్పగానే స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. వాడు పోయిన సంగతి అతనికి తెలియదు. షూటింగులకు రావడం మానేశాడనుకున్నాడట.

అతను చెప్పింది ఇది. సొంత బట్టలతో వచ్చినవాడైనా, కెమెరా ముందు ఒకసారి నడిచాడంటే తన పని పూర్తయ్యేదాకా ఆ చొక్కాతోనే రావాలి. తర్వాతి సీనులో అదే మనిషి అదే చొక్కాతో కనబడాలి కదా. మనిషి రాకపోతే ముందు తీసిందంతా దండగ. వాడు మాటిచ్చానన్నది అదే అయి ఉంటుంది. ఆ రోజు వాన సీను తీశారు, దానితో వాడి పని అయిపోయింది. చొక్కా తడిసి ముద్దయింది. జయంత్ దా తన బనీను ఇచ్చి పంపించి, చొక్కా ఆరేశాడు. రేపు వచ్చి తీసుకుంటానని మనవాడు అన్నాడట. ఎవరూ రాలేదు. పెట్టెలో వేశాడు. సరస్వతీ పూజ దాటాక చిలక సినిమా మొదలైతే, వేరే మనిషికి అది తొడిగారు. అప్పటికి మనవాడు పోయి నాలుగైదు నెలలు.

వాడు బనీనుతో రావడం నువ్వూ చూశావు, నేనూ చూశాను. చొక్కా ఏదిరా అని ఇద్దరం అడగలేదు.

జయంత్ దా చొక్కా తీసి చూపించాడు. శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. నేను ఎడమ భుజం తడిమి చూశాను. కుట్టు విప్పి, పైకి లేపి, కుడి భుజంతో సమంగా చేశారు. రేవు సీనులో వంకరగా కనబడిందని డైరెక్టరు కేకలేశాడట. "ఎవడో చేతకాని దర్జీ కుట్టాడు కాకా, ఒక భుజం కిందికి పోయింది. మా దర్జీ సరిచేశాడు" అన్నాడు. మంచివాడు. తెలియక అన్నాడు.

తీసుకెళ్లమన్నాడు, కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. బస్సు స్టాపు దాకా తెచ్చాను. ఆ భుజం నీకు చూపించలేననిపించి, వెనక్కి వెళ్లి ఇచ్చేశాను.

ఇక నీకు చెప్పడానికి నా దగ్గర సినిమాలు లేవు.

పోలిరాజు


సోంపేట
16 ఫిబ్రవరి 2025

మావా,

చొక్కా అక్కడ ఇచ్చి వచ్చావు, అదే మంచిది. నువ్వు ఎవరికీ ఇవ్వలేదు. నేనన్న మాటలు వదిలెయ్యి.

వాళ్ల దర్జీ ఆ భుజం ఎలా లేపాడో నాకు తెలుసు. వాడికి కుట్టిన ప్రతి చొక్కాకీ ఆ భుజం లోపల నేను గుడ్డ వదిలేదాన్ని. పెరిగే వయసు, ఎప్పటికైనా ఎముక సర్దుకుంటుంది, అప్పుడు విప్పి సమంగా చేయొచ్చని. పెరిగి పెద్దవాడై గడ్డాలు వచ్చాక కూడా వదులుతూనే ఉన్నాను. చెయ్యి అలవాటు పడిపోయింది. ఆ గుడ్డే వాళ్లకు పనికొచ్చింది.

మిషన్ మీద గుడ్డ అలాగే ఉండనీ, దుమ్ము పడుతుంది. ఓస్తాగర్ మనిషి మళ్లీ వస్తే పొమ్మనకు. చొక్కాలు తప్ప ఇంకేదైనా కుడతానని చెప్పు. ఎప్పటి నుంచని అడిగితే తెలియదని చెప్పు.

సినిమాలు లేవని రాశావు. ఒకటి ఉంది, నువ్వు చెప్పిందే. నిన్న మధ్యాహ్నం వదిన గుడికి వెళ్లినప్పుడు నేనే పెట్టుకుని ట్రాం సినిమా చూశాను. కండక్టరు సంచి, చేప ముక్క, అన్నీ చూశాను. ఆ ఇల్లాలు మూత పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, అది నువ్వు రాయలేదు. వాన వెలిసింది. వాడు వచ్చాడు. అంత జ్వరంతో ఎక్కడా తూలకుండా, చేపల సంచి కుడి చేతిలో పట్టుకుని మలుపు దాకా తిన్నగా నడిచాడు.

నువ్వు మళ్లీ చూడు. ఈసారి నడక చూడకు, భుజం చూడు. తడిసిన గుడ్డ ఏ తప్పునూ దాచదు. ఎడమ వైపు ఒక్క ముడత లేదు, మావా. బాగా కుదిరింది.

అప్పలలక్ష్మి